పోత కంచు మీద చిలుము: పైపొర పని గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో పోత వస్తువులకు ఫినిషింగ్ చేసే చిన్న షెడ్డు మాది. గుడి గంటలు, విగ్రహాలు, దీపపు కుందులు వస్తాయి. బోరు పంపుల బుష్‌లు, వాల్వ్‌లు కూడా వస్తాయి. వానలు మొదలయ్యాయంటే ఫోన్లు ఎక్కువవుతాయి: "మొన్ననే మెరుగు పెట్టించాం, అప్పుడే పచ్చగా అయింది" అని. అడిగే ప్రశ్నలు చాలావరకు అవే కాబట్టి, నాకు తెలిసినంతలో జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను.

కంచుకు తుప్పు పట్టదంటారు కదా, మరి ఈ పచ్చదనం ఏమిటి?

ఇనుముకు పట్టేదాన్ని తుప్పు అంటాం, రాగి కలిసిన లోహాలకు పట్టేదాన్ని చిలుము అంటాం. మా వైపు కిలుం అనే మాటే ఎక్కువ. రెండింటిలోనూ జరిగేది ఒకటే, లోహం గాలితోనూ తేమతోనూ కలిసి తిరిగి ఖనిజంగా మారుతుంది. కాకపోతే ఇనుప తుప్పు పెచ్చులుగా ఊడిపోయి లోపలి లోహాన్ని మళ్లీ గాలికి వదిలేస్తుంది. కంచు మీద మొదట వచ్చే ఎర్రటి రాగి ఆక్సైడ్ పొర మాత్రం లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకుంటుంది. కంచులోని తగరం కూడా ఆక్సైడ్‌గా మారి ఆ పొరకు బలమిస్తుంది. వందల ఏళ్ల నాటి గంటలు ఇప్పటికీ మోగుతున్నాయంటే ఆ పొర వల్లే.

అయితే ఆ పొర అంతటా సమానంగా, ఎక్కడా తెగకుండా రావాలి. అది వచ్చేది మనం తయారుచేసి వదిలిన ఉపరితలం మీద. అచ్చులోంచి తీశాక ఆకురాయితో ఎలా రాకాం, దేంతో రుద్దాం, ఏ యాసిడ్‌లో ముంచాం, చివర ఏ నీళ్లతో కడిగాం అనే వాటి మీదే ఆ వస్తువు ఆయుష్షు చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఈ పనిలో ఇన్నేళ్లలో నాకు బాగా అర్థమైన విషయం: వస్తువును పాడుచేసేది మెరుపు తగ్గడం కాదు, మెరుగు పెట్టేటప్పుడు మనం లోపల వదిలేసిన ఉప్పు.

కంచు, ఇత్తడి, గన్‌మెటల్, పంచలోహం, అన్నిటికీ ఒకే పద్ధతి సరిపోతుందా?

సరిపోదు. రాగిలో తగరం కలిస్తే కంచు, జింక్ కలిస్తే ఇత్తడి. బుష్‌లకు పోసే కంచులో తగరం 10 శాతం దగ్గర ఉంటే, గంటల కంచులో 20 శాతం దాటుతుంది. అందుకే గంట గట్టిగా ఉంటుంది, దెబ్బ తగిలితే పగులుతుంది. గన్‌మెటల్ అంటే పాత లెక్క ప్రకారం 88 పాళ్లు రాగి, 10 తగరం, 2 జింక్. వాల్వ్‌లకు ఎక్కువగా వాడే సీసం గన్‌మెటల్‌లో 85 పాళ్లు రాగి, మిగతా తగరం, జింక్, సీసం తలా 5. ఓడల ప్రొపెల్లర్లకు వాడే నికెల్ అల్యూమినియం కంచు వేరే జాతి. దాని మీద అల్యూమినియం ఆక్సైడ్ పొర వస్తుంది కాబట్టి సముద్రపు నీళ్లకూ ఓర్చుకుంటుంది.

జింక్ 15 శాతం దాటిన ఇత్తడికి ఇంకో జబ్బు ఉంది. లోహంలోంచి జింక్ మెల్లగా కరిగిపోయి, బోలు బోలుగా ఎర్రటి రాగి మిగులుతుంది. పసుపు రంగు వస్తువు మీద అక్కడక్కడ గులాబీ ఎరుపు మచ్చలు కనిపిస్తే అది మురికి కాదు, ఎంత రుద్దినా పోదు.

పంచలోహం అని చెప్పి తెచ్చే విగ్రహాల్లో అసలు పాళ్లు ఎంతో చూసి చెప్పడం కుదరదు. వస్తువు ఎక్కడ పోశారో, ఏ స్క్రాప్‌తో పోశారో తెలిస్తే ముందే చెప్పండి, సగం పని సులువవుతుంది.

పెంబర్తి పని, ఆదిలాబాద్ డోక్రా పని, రెండూ పసుపుగానే ఉంటాయి. చిలుము విషయంలో తేడా ఉందా?

చాలా ఉంది. జనగామ జిల్లా పెంబర్తిలో చేసేది ఎక్కువగా ఇత్తడి రేకును కొట్టి నగిషీ తీసే పని. కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా ఉషేగాం లాంటి ఊళ్లలో ఓజ కళాకారులు చేసేది మైనం అచ్చు పోత. మైనపు తీగలతో బొమ్మ అల్లి, మట్టి పొదిగి, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోస్తారు. ఈ ఆదిలాబాద్ డోక్రాకు 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది.

రేకు లోపల బుడగలు ఉండవు, ఉపరితలం దట్టంగా ఉంటుంది. కానీ సుత్తి దెబ్బల వల్ల లోపల బిగువు మిగిలిపోతుంది. పోతలో ఆ బిగువు తక్కువ, దాని బదులు సన్నటి చిల్లులు, మైనపు తీగల ఆనవాళ్లు, మట్టి ఇరుక్కున్న సందులు ఉంటాయి. నీళ్లు, చెమట, పసుపు కుంకుమ అన్నీ వాటిలోనే దాక్కుంటాయి. రేకుకు కావాల్సింది బిగువు తీసే వేడి, పోతకు కావాల్సింది సందులు పూర్తిగా కడిగి ఆరబెట్టడం.

పోత పోశాక వచ్చే నల్లటి పైపొరను ఉంచాలా, తీసేయాలా?

దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు. 10 శాతం తగరం ఉన్న కంచు ఒక్కసారిగా గడ్డకట్టదు. సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ దగ్గర మొదలై, 800 పై చిల్లర దాకా సగం ద్రవం, సగం ఘనంగా ఉంటుంది. ముందు గడ్డకట్టేది రాగి ఎక్కువున్న భాగం, చెట్టు కొమ్మల్లా పెరుగుతుంది. తగరం ఎక్కువున్న ద్రవం ఆ కొమ్మల మధ్య మిగిలిపోతుంది. లోహపు అచ్చులో త్వరగా చల్లారితే ఆ ద్రవం ఒక్కోసారి కొమ్మల సందుల్లోంచి బయటికి ఊరి, పైన తెల్లగా చెమట పట్టినట్టు కనిపిస్తుంది. పోత పనివాళ్లు తగరం చెమట అనేది దీన్నే. ఇది గట్టిగా ఉంటుంది, చాలా చోట్ల చిలుమును బాగానే ఆపుతుంది. రాకేస్తే ఆ రక్షణ పోతుంది.

కానీ అదే పైపొరలో ఇసుక రేణువులు, కాలిన మట్టి, ఆక్సైడ్ పెచ్చులు కూడా ఇరుక్కుని ఉంటాయి. వాటి కింద తేమ నిలుస్తుంది. రాకితే ఇంకో చిక్కు. పైన కనిపించని బుడగలు ఆకురాయి తగలగానే నోళ్లు తెరుచుకుంటాయి. పైపొర కింద ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతులోనే బుడగలు గుంపుగా ఉండడం చాలాసార్లు చూశాను.

అందుకే నేను ఇలా చేస్తాను. బుష్, వాల్వ్ లాంటివి ఎలాగూ లేత్ మీద కోయాలి కాబట్టి, ఆ బుడగలు కూడా తెగిపోయి గట్టి లోహం కనిపించేదాకా కోయమంటాను. పోసేటప్పుడే అంత మందం అదనంగా ఉంచుకోవాలి. విగ్రహాలకైతే ముఖం, చేతులు, పీఠం పైభాగం మాత్రమే రాకి, మడతల్లో పైపొరను బ్రష్‌తో శుభ్రం చేసి వదిలేస్తాను.

అద్దంలా మెరిసేలా బఫింగ్ (తిరిగే గుడ్డ చక్రంతో మెరుగు) చేస్తే చిలుము పట్టదా?

ఆలస్యంగా పడుతుంది. గరుకు ఉపరితలం మీద గీతల లోయల్లో నీళ్లు, దుమ్ము నిలుస్తాయి. ఆ లోయ అడుగున గాలి తక్కువ, అంచున ఎక్కువ. ఆ తేడాయే చిన్న బ్యాటరీలా పనిచేసి అడుగు భాగాన్ని తినేస్తుంది. నునుపుగా ఉంటే నీటి బొట్టు జారిపోతుంది, ఆక్సైడ్ పొర కూడా సమానంగా వస్తుంది. కాబట్టి 220, 400, 600, 800 అని ఎమెరీ పేపర్ వరుస తప్పకుండా వెళ్లి, ప్రతిసారీ ముందు గీతలకు అడ్డంగా రుద్దితే ఫలితం కనిపిస్తుంది. ఒక నంబర్ దాటేసి నేరుగా బఫింగ్ చక్రానికి పెడితే లోతు గీతలు చావవు, వాటి మీద లోహం మడతపడి మూసుకుంటుంది. పైకి మెరుస్తుంది, లోపల మురికి అలాగే ఉంటుంది.

బఫింగ్ సబ్బులో కొవ్వు, మైనం ఉంటాయి. అది సందుల్లో మిగిలితే కొన్నాళ్లకు రాగితో కలిసి జిగటగా, మైనంలాంటి పచ్చ పదార్థం అవుతుంది. చాలామంది దీన్ని చూసి టెన్షన్ పడతారు. స్పిరిట్ ముంచిన గుడ్డతో తుడిస్తే పోతుంది కాబట్టి ఇది ప్రమాదకరమైన చిలుము కాదు. అయినా బఫింగ్ అయ్యాక ముందు స్పిరిట్‌తో, తర్వాత సబ్బు నీళ్లతో కొవ్వు తీసేయడం పనిలో భాగమే అనుకోండి.

సీసం ఉన్న గన్‌మెటల్‌లో ఇంకో సంగతి ఉంది. రాకినా రుద్దినా మెత్తని సీసం ఉపరితలం మీద పూసుకుంటుంది. మంచినీటి వాల్వ్‌లకు, వంట పాత్రలకు ఇది మంచిది కాదు. పాత్రలకు సీసం కలిసిన లోహమే వద్దు.

శాండ్ బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి శుభ్రం చేయడం) త్వరగా అయిపోతుంది కదా?

త్వరగానే అవుతుంది. కానీ ఉపరితలం గరుకవుతుంది, దాంతో తేమ పట్టే విస్తీర్ణం పెరుగుతుంది. పైన లక్కర్ (వార్నిష్‌లాంటి పారదర్శక పూత) వేసేటట్లయితే ఆ గరుకు పట్టు ఇస్తుంది, ఏమీ వేయకపోతే నష్టమే. ఇనుప రవ్వతో మాత్రం కంచును ఎప్పుడూ కొట్టించకండి. ఆ రవ్వ ముక్కలు కంచులో గుచ్చుకుని, మొదటి వానకే ఎర్రటి తుప్పు మచ్చలు తేలతాయి. స్టీల్ పీచుతో రుద్దినా అంతే. గాజు పూసల బ్లాస్టింగ్ అన్నిటికంటే నయం. ఇసుక దుమ్ము ఊపిరితిత్తులకు ఎంత చేటో పనివాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ, దయచేసి మంచి మాస్క్ లేకుండా ఎవరినీ ఆ పనికి పెట్టకండి.

మా ఇంట్లో చింతపండు, ఉప్పుతోనే తోముతాం. అమ్మమ్మల కాలం నుంచి అదే కదా, తప్పా?

చింతపండు తప్పు కాదు. అందులోని టార్టారిక్ ఆమ్లం రాగి ఆక్సైడ్‌ను కరిగిస్తుంది, లోహాన్ని పెద్దగా తినదు. నిమ్మకాయ కూడా అంతే. ఇబ్బంది ఉప్పుతో. ఉప్పులోని క్లోరైడ్ రాగితో కలిసి క్యూప్రస్ క్లోరైడ్ అవుతుంది. అది చిల్లుల్లో, గీతల్లో కూర్చుంటే నీళ్లతో పైపైన కడిగితే రాదు. తేమ తగిలినప్పుడల్లా లేస్తుంది. అమ్మమ్మలు రోజూ తోమి, రోజూ కడిగి, ఎండలో బోర్లించేవాళ్లు, అందుకే చెంబులకు ఏమీ కాలేదు. మనం పండక్కి ఒకసారి తోమి, తడి గుడ్డతో తుడిచి, షోకేస్‌లో మూసి పెడుతున్నాం.

చింతపండు రసం ఒక్కటే వాడండి. ఐదు నిమిషాలు మించి ఉంచకండి, రాత్రంతా నానబెట్టకండి. తర్వాత చెంచాడు తినే సోడా కలిపిన లీటరు నీళ్లతో ఒకసారి, ఆ తర్వాత మంచి నీళ్లతో రెండు మూడుసార్లు కడగండి. ఘాటు వాసన వచ్చే పాలిష్ ద్రవాల్లో చాలావాటిలో అమ్మోనియా ఉంటుంది, వాడితే అవి కూడా పూర్తిగా పోయేలా కడగాలి.

కడగడానికి ఇంత పట్టుదల ఎందుకు?

నా చేతుల్లో జరిగిన తప్పు చెబుతాను. షెడ్డు పెట్టిన తొలి రోజుల్లో ఒక ఊరి గుడి గంటకు మెరుగు పెట్టాను. యాసిడ్‌లో ముంచి, బోరు నీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, అదే సాయంత్రం లక్కర్ కొట్టి ఇచ్చేశాను. ఇచ్చిన రోజు బంగారంలా ఉంది. శ్రావణం దాటేసరికి గంట మెడ చుట్టూ లక్కర్ కింద బొబ్బలు లేచాయి, గిల్లితే లేత పచ్చటి పొడి రాలింది. ఆ ఊరివాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు, గంటను దింపి తెచ్చి నా ముందు పెట్టారు. ఆ రోజు పడ్డ బాధ ఇప్పటికీ ఉంది. లక్కర్ అంతా తీసి మళ్లీ మొదటి నుంచి చేయడానికి పదిహేను రోజులు పట్టింది.

తప్పు లక్కర్‌ది కాదు. మెడ దగ్గర పోత బోలుగా ఉంది, యాసిడ్ ఆ చిల్లుల్లోకి దిగింది. బోరు నీళ్లలో ఉన్న ఉప్పులు దానికి తోడయ్యాయి. ఆరకముందే నేను పైన మూత వేసేశాను. ఇప్పుడు చివరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తోనే చేస్తాను. బ్యాటరీల షాపుల్లో క్యాన్లలో దొరుకుతుంది. కడిగిన నీళ్లు కొంచెం గాజు గ్లాసులో తీసుకుని, ఒక చుక్క నైట్రిక్ యాసిడ్, ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ ద్రావణం వేస్తాను. పాలలా తెల్లబడితే ఇంకా క్లోరైడ్ ఉన్నట్టు, మళ్లీ నానబెట్టాలి. తేటగా ఉండిపోతే చాలు. సిల్వర్ నైట్రేట్ చేతికి తగిలితే నల్ల మచ్చ పడుతుంది, గ్లోవ్స్ వేసుకోండి.

ఆరబెట్టడం కూడా అంతే ముఖ్యం. మన వైపు మే నెల ఎండలో కంచు ముట్టుకోలేనంత కాలుతుంది, రెండు రోజులు తిప్పుతూ పెడితే చిల్లుల్లో నీరు కూడా పోతుంది. వానాకాలంలో హాట్ ఎయిర్ గన్ తప్పదు.

ఏ చిలుము మంచిది, ఏది చెడ్డది? చూసి గుర్తుపట్టొచ్చా?

చాలావరకు గుర్తుపట్టొచ్చు. గోధుమ రంగు, ముదురు ఎరుపు, నలుపు, గట్టిగా అంటుకున్న ముదురు ఆకుపచ్చ, ఇవి నిలకడగా ఉన్న పొరలు. గోటితో గీకితే రావు. వాటిని అలాగే ఉండనివ్వండి, అవి వస్తువుకు కవచం. బయట వానకు తడిసే విగ్రహాల మీద పట్టణ గాలిలోని గంధకం వల్ల వచ్చే పచ్చ సల్ఫేట్ పొర కూడా చాలావరకు స్థిరంగానే ఉంటుంది.

భయపడాల్సింది చుక్కలు చుక్కలుగా లేచే లేత పచ్చ పొడికి. ముట్టుకుంటే వేలికి అంటుతుంది, తుడిస్తే కింద చిన్న గుంట కనిపిస్తుంది, వారంలో మళ్లీ వస్తుంది. దీన్ని కంచు వ్యాధి అంటారు. లోపల దాగిన క్యూప్రస్ క్లోరైడ్ గాలిలోని తేమతో, ఆక్సిజన్‌తో కలిసి పచ్చ పొడిగా మారుతుంది, మారుతూ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. ఆ ఆమ్లం మళ్లీ రాగిని తిని కొత్త క్లోరైడ్‌ను పుట్టిస్తుంది. ఒకసారి మొదలైతే దానంతట అది ఆగదు. గాలిలో తేమ 40 శాతం కంటే తక్కువ ఉన్న చోట పెడితే నిద్రపోతుంది, అంతే. మన దగ్గర జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అంత పొడి గాలి ఎక్కడిది? సిలికా జెల్ పొట్లాలు వేసి గాలి చొరబడని డబ్బాలో పెట్టడం ఇంట్లో చేయగలిగిన పని. పక్కన ఉన్న వస్తువుల నుంచి మాత్రం వేరు చేయండి.

దీనికి వైద్యంగా మ్యూజియంవాళ్లు బెంజోట్రయజోల్ అనే మందు వాడతారు. స్పిరిట్‌లో 3 శాతం కలిపి వస్తువును నానబెడితే, అది రాగితో కలిసి కంటికి కనిపించని పొర కడుతుంది. ఆరోగ్యానికి మంచిది కాదు కాబట్టి గ్లోవ్స్, గాలి వెలుతురు తప్పనిసరి. తిండి, తీర్థం పెట్టే పాత్రలకు వాడకూడదు.

యాంటిక్ ఫినిష్ (పాత వస్తువులా కనిపించే రంగు) వేయించుకోవచ్చా?

ఏ మందుతో వేస్తున్నారో అడిగి వేయించుకోండి. గంధకం మందుతో వచ్చే నలుపు, గోధుమ రంగులు నిలకడగా ఉంటాయి. నవాసారం, ఉప్పు, రాగి క్లోరైడ్‌తో తెప్పించే పచ్చ రంగు మాత్రం పైన చెప్పిన వ్యాధిని డబ్బిచ్చి కొనుక్కోవడమే.

లక్కర్ మంచిదా, మైనం మంచిదా?

ఇంట్లో, గాజు పెట్టెలో ఉండే వస్తువుకు పల్చటి మైనం చాలు. వస్తువును చేతికి వేడి తగిలేంత కాచి, మైక్రోక్రిస్టలైన్ మైనం రాస్తే చిల్లుల్లోకి దిగుతుంది. చల్లారాక మెత్తటి గుడ్డతో రుద్దండి. ఏడాదికోసారి, వానలకు ముందు, మళ్లీ రాయాలి. తీయడం కూడా సులువు.

బయట ఎండావానలో ఉండే విగ్రహాలకు అక్రిలిక్ లక్కర్ వేసి, దాని మీద మైనం వేయడం మేలు. ఇందుకోసమే బెంజోట్రయజోల్ కలిపిన లక్కర్లు ఉన్నాయి. లక్కర్ ఒకచోట గీసుకుపోతే నీరు ఆ గీతలోంచి దూరి పొర కింద పాకుతుంది, అప్పుడు అసలు లక్కర్ లేకపోయినా నయమనిపిస్తుంది. చేతులు తగిలే గంట నాలుకకు, తాడు రాసుకునే కొక్కేనికి లక్కర్ వద్దు.

రోజూ అభిషేకం జరిగే విగ్రహానికి ఏం చేయాలి?

పాలు, పెరుగుల్లో ఆమ్లం ఉంది, కొబ్బరినీళ్లలో క్లోరైడ్ ఉంది. పసుపు, కుంకుమ, విభూతి మడతల్లో చేరి తడిని పట్టి ఉంచుతాయి. అభిషేకం ఆపమని నేను ఎవరికీ చెప్పను. చివరి శుద్ధోదకం సమృద్ధిగా పోసి, పీఠం అడుగున, కిరీటం వెనక, వేళ్ల మధ్య తేమ లేకుండా నూలు గుడ్డతో ఒత్తితే చాలు. ఉత్సవమూర్తికి ఏటేటా బఫింగ్ చేయిస్తే కళ్లు, పెదవులు, నగల గీతలు అరిగిపోతాయి, పోయిన గీత తిరిగి రాదు. అర్చకులు రోజూ ఒత్తి ఆరబెట్టే విగ్రహాలకు నా అవసరం రాదు, అలాంటివి చూసినప్పుడు చాలా సంతోషంగా ఉంటుంది.

పశువుల మెడ గంటలు ఎందుకు త్వరగా పగులుతాయి?

కొట్టంలో మూత్రం నుంచి అమ్మోనియా వస్తుంది. బిగువున్న ఇత్తడిని అమ్మోనియా పగలగొడుతుంది. బ్రిటిష్ కాలంలో మన దేశంలో వానాకాలం వచ్చేసరికి ఇత్తడి తూటా గొట్టాలు వాటంతట అవే చీలిపోయేవి. కారణం గుర్రపుశాలల అమ్మోనియా, గొట్టాల్లో మిగిలిన బిగువు అని 1921లో తేల్చారు. రేకుతో కొట్టిన ఇత్తడి గంటను 250 నుంచి 300 డిగ్రీల మధ్య గంటసేపు కాస్తే బిగువు చాలావరకు తగ్గుతుంది. పోత కంచు గంటకు ఈ బెడద చాలా తక్కువ. యూరియా బస్తాల పక్కన ఇత్తడి సామాను పెట్టకండి.

పోత భాగాలను కొలిమిలో కాస్తే చిలుము తగ్గుతుందా?

సీసం లేని తగరం కంచును 650 నుంచి 700 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే కొమ్మల మధ్య పోగైన తగరం అంతటా సర్దుకుంటుంది. అప్పుడు ఒక భాగం ఇంకో భాగాన్ని తినే గొడవ తగ్గుతుంది, అరుగుదల సమానంగా ఉంటుంది. పంపు భాగాలకు ఇది పనికొస్తుంది. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి సీసం గన్‌మెటల్‌కు, పాళ్లు తెలియని విగ్రహాలకు వద్దు.

ఫినిషింగ్ బాగుందో లేదో టెస్ట్ చేయించవచ్చా?

చేయించవచ్చు. 5 శాతం ఉప్పునీటి పొగలో, 35 డిగ్రీల దగ్గర పెట్టి చూసే సాల్ట్ స్ప్రే టెస్ట్ పరిశ్రమల్లో మామూలే. కరెంటు పెట్టి ఎంత వేగంగా లోహం కరుగుతుందో కొలిచే పద్ధతి ఇంకా కచ్చితం. వరంగల్‌లో 1959లో రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీగా మొదలైన ఎన్‌ఐటీలో మెటలర్జీ విభాగం ఉంది, ఇలాంటి చదువు చదివిన పిల్లలు మన ఊళ్లోనే ఉన్నారు. ఒకే పోతలోంచి నాలుగు ముక్కలు కోసి, ఒక్కోదానికి ఒక్కో ఫినిషింగ్ చేసి పోల్చి చూడండి. వేర్వేరు పోతలను పోలిస్తే తేడా ఫినిషింగ్‌దో లోహానిదో తేలదు.

పొలం దున్నుతుంటే పాత విగ్రహం దొరికింది, శుభ్రం చేసి ఇస్తారా?

చేయను. 1878 నాటి చట్టం ప్రకారం భూమిలో దొరికిన పది రూపాయలు మించిన విలువైన వస్తువు గురించి కలెక్టర్‌కు తెలియజేయాలి. మీరు కూడా కడగకండి, గీకకండి, నూనె రాయకండి. మట్టితో సహా పొడి అట్టపెట్టెలో పెట్టి అప్పగించండి. శతాబ్దాలు నేలలో ఉన్న కంచులో అసలు ఉపరితలం లోహంలో మిగలదు, ఆ ఎర్ర, పచ్చ పొరల మధ్యలో మిగులుతుంది. పీఠం మీద అక్షరాలు ఉంటే అవి కూడా అక్కడే ఉంటాయి, చింతపండుతో తోమితే చిలుముతో పాటు అవీ పోతాయి.